జమాల్ బీ చెప్పిన చిన్నోడు

"చదువు మానేశాడు. పని లేదు, పాటు లేదు. పొద్దెక్కితే గానీ లేవడు. ఏం చూసి వెనకేసుకొస్తారండీ అలాంటోణ్ణి?"

"మానేస్తే మానేశాడు. చదివినోళ్ళందరూ ఏం పొడిచేశారు గనక? వాడి మనసేంటో నీకు తెలుసా సాయిశ్రీ? ఇంకొక్క మాటన్నావంటే నేనూరుకోను."

మేడమెట్ల మలుపులో హర్షవర్ధన్ కాలు ఆగిపోయింది. ఆ రెండో గొంతు వాళ్ళమ్మది. రాజ్యలక్ష్మి గొంతు అంత పైకి లేవడం ఆ ఇంటి వాటాల్లో ఎవరూ విని ఉండరు. కుళాయి దగ్గర తన బిందె పక్కకి జరిపేసినా, తాను వాడని కరెంటుకి తనని కట్టమన్నా "పోనీలెండి" అనేసి వచ్చే మనిషి. అలాంటామె కింది వాటాలో, జమాల్ బీ వసారాలో, నలుగురి మధ్యా కూచుని కొడుకు కోసం దెబ్బలాడుతోంది. హర్ష చెవులు రిక్కించాడు. కిందికి దిగితే ఆ దెబ్బలాట ఆగిపోతుందేమోనని మెట్టు మీదే కూచున్నాడు.

"మనసుంటే సరిపోద్దా ఆంటీ?" వెనక వాటాలో కాపురముంటున్న సాయిశ్రీ తగ్గలేదు. కొత్త పెళ్ళికూతురు, ఎవరికీ తగ్గదు. "పెద్దోణ్ణి చూడండి. సియోల్లో డాక్టరు. ఆ ఆసుపత్రిలో ఆడపిల్లలందరూ వాడి చుట్టూనే. ఈ చిన్నోడేమో అమ్మ సూపు కొట్లో గిన్నెలు మోసుకుంటా ఉంటాడు."

హర్షకి అన్నలు లేరు. వాళ్ళ వంశంలో సియోల్ మొహం చూసినవాడు లేడు. వాళ్ళమ్మ కొట్లాడుతున్నది కొరియా సీరియల్లో కుర్రాడి కోసం.

మెట్టు మీంచి లేచి, చెప్పులు టపటపలాడించుకుంటూ వసారా ముందునుంచే వెళ్ళాడు. ఎవరూ తలెత్తలేదు.

ఆ వసారా సంగతి చెప్పాలి. భవానీపురంలో ఏటి వైపు పోయే సందులో, కింది వాటా జమాల్ బీది. మొగుడు మీరావలి పరుపులు కుట్టేవాడు. వయసులో ఉన్నప్పుడు దూదేకే విల్లు భుజానేసుకుని వీధులు తిరిగాడు. తర్వాత వన్ టౌన్లో చిన్న కొట్టు పెట్టాడు. ఫోము పరుపులొచ్చాక కొట్లో దిండ్లు మిగిలాయి. దిండ్లకి గలీబులు కుడుతూ కుడుతూ జమాల్ బీ చీరల పనిలోకి దిగింది. వన్ టౌన్ చీరల కొట్లవాళ్ళు కొంగులకి కుచ్చులు వేయమని ఇస్తారు. పెడనలో అద్దకాల వాళ్ళ ఇంట్లో పుట్టిన మనిషి, అచ్చులేసిన గుడ్డల్ని కాలవలో జాడిస్తూ పెరిగింది. రంగుకి రంగు కలపడం ఆమెకి ఒకరు నేర్పేది కాదు. పని ఎక్కువై చుట్టుపక్కల ఆడవాళ్ళని పిలిచింది. పదకొండింటికి వంటలు ముగించుకుని వచ్చేస్తారు. మీరావలి కూరిన గట్టి దిండు ఒకటి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద కొంగు పరిచి, పిన్నులు గుచ్చి, దారప్పోగులు విడదీసి ముళ్ళేస్తారు.

ఈ పనిలో కళ్ళు దారం మీదే ఉండాలి. ఒక్క పోగు అటుదిటైతే కుచ్చు వంకరపోతుంది, కొట్టువాడు చీర తిప్పి కొడతాడు. అందుకని ఫోన్లో ఏదీ చూడ్డానికి లేదు. చెవులు మాత్రం ఖాళీ. ఆ చెవుల్లోకి జమాల్ బీ కొరియాని పోసింది.

కూతురు సబీహా నర్సుగా చేసేటప్పుడు డ్యూటీ నుంచి వచ్చి తెలుగులో డబ్బింగ్ చేసిన కొరియా డ్రామాలు చూసేది. పక్కన చేరి "ఎవరే ఈ పిల్ల, ఎందుకేడుస్తా ఉంది?" అని అడిగి అడిగి జమాల్ బీకి అలవాటైంది. సబీహా పెళ్ళి చేసుకుని తెనాలి వెళ్ళాక తల్లీకూతుళ్ళిద్దరూ ఒకే డ్రామా పెట్టుకుని చూస్తారు, సాయంత్రం ఫోన్లో దాని గురించే మాట్లాడుకుంటారు. చూసింది మర్నాడు పదకొండింటికి వసారాలో కథ అవుతుంది. దానికో పద్ధతుంది. ఆమె ఒళ్ళో చీరకి కుచ్చులు మొదలైతే కథ మొదలు. కొంగు చివరి కుచ్చు పడితే కథ ఆగుతుంది. తర్వాతేమైందని కాళ్ళావేళ్ళా పడినా చెప్పదు. "చీరైపోయిందమ్మా" అంటుంది, అంతే. అందుకే ఆడవాళ్ళు ఆమెకి వెడల్పు కొంగు చీరలు వెతికి మరీ ఇస్తారు.

ఆమె చెప్పే తీరు చూస్తే హర్షకి ఒళ్ళు మండేది. చేతులు తిప్పదు, గొంతు మార్చదు. తల దించుకుని, నోట్లో ఉన్న దారం తీసి, గొణిగినట్టు చెబుతుంది. అవతలివాళ్ళే ముందుకి వంగాలి. ఒక ముసలామె గిన్నెలో సూపు పోసింది అనడానికి నాలుగు కుచ్చులంత సేపు పడుతుంది. పైన ఆవిరి, కింద ఉల్లికాడ ముక్కలు, గిన్నె అంచు చిట్లి ఉంటే చిట్లిన వైపు తనకేసి తిప్పుకుని మంచి వైపు ఎదుటివాడికి పెట్టడం. పేర్లు ఒక్కటీ గుర్తుండవు. పెద్దోడు, చిన్నోడు, గొడుగు పిల్ల, సూపమ్మ. అయినా పదిమందీ ముక్కులు చీదుకుంటూ వింటారు.

హర్షకి కడుపు మంట ఎందుకంటే, అతని పని కూడా అదే. ఇంజనీరింగ్ మూడో ఏట సగంలో మానేశాడు. ఎందుకు మానేశావని ఎవరడిగినా ఒకటే జవాబు, నచ్చలా. సాయంత్రాలు వన్ టౌన్లో ఒక సెల్ కొట్లో ఫోన్లకి గ్లాసులు అతికిస్తాడు. మిగతా టైమంతా యూట్యూబ్ ఛానెల్. పేరు 'చూడాలా వద్దా'. కొరియా డ్రామాల గురించి తెలుగులో చెబుతాడు. ఈ డ్రామా ఎందుకు చూడాలో ఐదు కారణాలు, ఆ హీరో జుట్టు వెనక రహస్యం, చివరి ఎపిసోడ్లో మీరు గమనించని సంగతులు. వెనక మ్యూజిక్కు, ముందు తన మొహం, మాటకీ మాటకీ మధ్య గాలి కూడా దూరకుండా కత్తిరింపు. చూసేవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్క. వాళ్ళలోనూ ఒకడు కింద రాశాడు, 'అన్నా, ఊపిరి తీసుకో' అని.

వాళ్ళమ్మ ఫోన్లో సబ్‌స్క్రైబ్ బటన్ తనే నొక్కాడు. ఆమె ఒక్క వీడియో ఒక్కసారి చూసింది. "అంత గబగబా వాగితే నాకు ఆయాసం వస్తందిరా" అని పక్కన పెట్టేసింది. అదే మనిషి జమాల్ బీ దగ్గర గంటలు గంటలు కూచుంటోంది.

ఆ రోజు మధ్యాహ్నం హర్ష వంటింట్లో గ్యాసు పొయ్యి పక్కన నుంచుని, గిన్నెలోంచే పెరుగన్నం తింటున్నాడు. రాజ్యలక్ష్మి గడప మీద కూచుని మోకాలికి నూనె రాసుకుంటోంది.

"చిన్నోడు కూడా నుంచునే తింటాడంట," అంది, దూరంగా చూస్తూ. "ఎందుకో తెలుసా? కూచుంటే వాళ్ళమ్మ వడ్డించడానికి లేవాలిగా. ఆవిడకీ మోకాళ్ళే."

"నేనూ నుంచునే తింటన్నా కదమ్మా."

"నువ్వు బద్ధకానికి తింటావు. కంచం కడుక్కోవాలని."

గిన్నె సింకులో పడేసి వచ్చాడు. ఒక మనిషి మీద అసూయ పడితే కనీసం ఎదురుపడి తిట్టొచ్చు. ఎక్కడో సముద్రం అవతల సూపు గిన్నెలు మోసేవాణ్ణి ఏం చేస్తాం? వాడూ చదువు మానేశాడు, వీడూ మానేశాడు. వాడు మొండిగా మాట్లాడితే లోపల వెన్నంట. వీడు మాట్లాడితే పొగరు. ఆ మెట్ల మీద విన్న గొంతు అతని చెవుల్లోంచి పోవడం లేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వాళ్ళమ్మ ఆ గొంతుతో తన కోసం ఎవరితోనైనా దెబ్బలాడితే చాలు. ఇంకేం అక్కర్లేదు.

రెండు రోజులాగి జమాల్ బీ ఫోను కింద పడి గ్లాసు పగిలింది. మార్చిపెట్టమని పైకి పంపింది. మార్చి, తనే పట్టుకెళ్ళాడు. ఇవ్వబోతూ, ఊరికే వేళాకోళానికి అడిగాడు.

"అసలు కొరియా డ్రామాలో ఏముంటే చూడొచ్చంటారు ఆంటీ?"

జమాల్ బీ సూదిలోకి దారం ఎక్కిస్తూ ఆలోచించింది. "ఏముంది బాబూ. ఎవరైనా ఎవరి కోసమైనా అన్నం మీద మూతపెట్టి కూచున్నారా లేదా, అది చూస్తా ముందు. అదుంటే చూస్తా, లేకపోతే మార్చేస్తా. ఇంకోటి, మన సీరియల్లో పక్కింటామె వస్తది, నాలుగు చాడీలు చెప్పుద్ది, పోద్ది. అంతే, మళ్ళీ కనపడదు. వాళ్ళ దాంట్లో పక్కింటామె వెనకాల కెమెరా కూడా పోద్ది. ఆమె ఇంట్లో దీపం పోయుంటది, ఆమెకో బాధుంటది. ఎవరి బాధ వాళ్ళకి పెద్దదే గదా. ఆళ్ళు అందరికీ కొంచెం కొంచెం పెడతారు."

హర్ష పోయిన నెల వీడియోలో ఇదే చెప్పాడు. ఇంగ్లీషులో, గ్రాఫిక్సుతో. వినేవాడే లేకపోయాడు. ఫోను ఆమె చేతిలో పెడుతుంటే తెర మీద ఆ డ్రామా బొమ్మ కనిపించింది. సముద్రపు ఒడ్డున ఒక సూపు కొట్టు, ముందు ఒక ముసలామె. పేరు గుర్తుపెట్టుకున్నాడు. వాడెవడో చూద్దాం అనుకున్నాడు. అందరూ ఇంతగా ఏడ్చే చిన్నోడు నిజంగా ఎంత మొనగాడో, వాడిలో ఎన్ని లొసుగులున్నాయో బయటపెడదామనుకున్నాడు. వీడియో పేరు కూడా సిద్ధం చేసుకున్నాడు.

ఆదివారం. తండ్రి తిరుపతిరావు వన్ టౌన్లో ఇనప సామాన్ల కొట్లో గుమాస్తా. "సరుకు సర్దుతున్నారు, రారా, యజమాని నిన్ను చూసినట్టూ ఉంటది" అన్నాడు. హర్ష తలుపేసుకున్నాడు. పొద్దున్నుంచీ అదే డ్రామా, ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్, స్పీడు పెంచి. అమ్మ అన్నానికి పిలిచింది, పలకలేదు. మళ్ళీ పిలిచింది, "తర్వాత" అన్నాడు.

చిన్నోడు లేడు.

అంటే, ఉన్నాడు. మొదటి ఎపిసోడ్లో ఒక కుర్రాడు సూపు గిన్నెల పెట్టె మోసుకుంటూ కెమెరాకి అడ్డం వెళ్ళాడు. తర్వాత ఇంకోసారి గుమ్మంలో నుంచున్నాడు. ఆ తర్వాత "అమ్మా, వెళ్తున్నా" అని సైన్యంలోకి పోయాడు. మళ్ళీ ఎక్కడా లేడు. మోకాళ్ళ నొప్పి లేదు, నుంచుని తినడం లేదు, చదువు మానేయడం అసలే లేదు. కథంతా పెద్దోడిది, గొడుగు పిల్లది. జమాల్ బీ ఒక మనిషిని మొత్తానికి మొత్తంగా పుట్టించి వసారాలో తిప్పుతోంది.

హర్షకి అంత ఆనందం ఈ మధ్య కాలంలో లేదు. సోమవారం పదకొండు ఎప్పుడవుతుందా అని చూశాడు. అందరూ కూచున్నాక, వాళ్ళమ్మ ముందే, ఫోను పెట్టి చూపిస్తాడు. 'ఇదిగో మీ చిన్నోడు. వీడికి ఉన్నవి రెండు మాటలు.' ఆ తర్వాత జమాల్ బీ కథ ఎవరు వింటారో చూద్దాం.

దిగే సరికి కథ ఇంకా మొదలవలేదు. దిండ్లు సర్దుకుంటున్నారు. రాజ్యలక్ష్మి రోజూ లాగానే ముందు కొడుకుని తిడుతోంది. మెట్ల మలుపులో ఆగాడు, ఆమె తిట్లు అవగానే దిగుదామని.

"నిన్న వాళ్ళ నాన్న కొట్టుకి రమ్మంటే రాలా. పొద్దున తలుపేసుకున్నాడంటే దీపాలు పెట్టినా తియ్యలా. అన్నానికి రెండుసార్లు పిలిచా. ఆఖరికి నేను పడుకున్నాక వచ్చి, మూకుట్లో ఉన్నదేదో నుంచుని తిని, అన్నం గిన్నె ఖాళీ చేసి, కడిగి బోర్లించి పోయాడు. ఎవరికోసం చదివించామో, ఎందుకు పెంచామో."

"పోనీలెండి అక్కా," అంది జమాల్ బీ. పిన్నులు గుచ్చింది. మొదటి పోగులు విడదీసింది. "నిన్న ఎక్కడ ఆపా?"

"చిన్నోడి దగ్గర," అంది రాజ్యలక్ష్మి, వెంటనే, తిట్టిన నోటితోనే.

జమాల్ బీ తల దించుకుంది. "ఆ రోజు చిన్నోడు తలుపేసుకున్నాడు. పొద్దున్నుంచీ తియ్యలా. బయట అందరూ అనుకుంటన్నారు, చూడు, ఎంత బద్ధకమో, వాళ్ళమ్మ ఒక్కత్తే కొట్లో చస్తా ఉంది అని. సూపమ్మ రెండుసార్లు తలుపు దగ్గరికి పోయింది. పిలిచింది. పలకలా. గిన్నె మీద మూతపెట్టి పోయింది. అందరూ పడుకున్నాక వాడొచ్చాడు. ఆ మూత చూశాడు. దాని మీద వాళ్ళమ్మ చెయ్యి తడి ఇంకా ఉంది. తిన్నాడు. తిని, గిన్నె కడిగాడు. చప్పుడు కాకుండా, నీళ్ళు సన్నగా వదిలి కడిగాడు. వాళ్ళమ్మ లేవకూడదని."

హర్ష చూపించడానికి తెచ్చిన ఫోను తెర ఆర్పేశాడు. నీళ్ళు సన్నగా వదిలిన మాట నిజమే. ఎందుకు వదిలాడో అతనికి గుర్తులేదు. మోకాళ్ళు, మొండి మాటలు, మానేసిన చదువు, అన్నీ వరసగా వచ్చి ఆ మెట్టు మీద అతని పక్కన కూచున్నాయి. ఇన్నాళ్ళూ ఎవడి మీద కుళ్ళుకుంటున్నాడో వాడు కొరియా నుంచి రాలేదు.

వసారాలో రాజ్యలక్ష్మి కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. "పిచ్చి సన్నాసి," అంది. "మరి లోపల పొద్దున్నుంచీ ఏం చేస్తన్నాడండీ వాడు?"

జమాల్ బీ సూది ఆగింది. ముడి వేయబోయి, వేయలేదు. అందరూ చూస్తున్నారు. సాయిశ్రీ కూడా వంగింది.

"చీరైపోయిందమ్మా," అంది జమాల్ బీ.

కొంగు సగం కూడా కాలేదు. పోగులు ఒళ్ళోంచి వేలాడుతున్నాయి. వాటిని మడిచి దిండు కింద దోపుకుంది. ఆడవాళ్ళు గోలపెట్టారు. "ఏంటి పిన్నిగారూ, అన్యాయం" అంది సాయిశ్రీ. "తల నొప్పిగా ఉంది, రేపు చెప్తా," అంది జమాల్ బీ. మిగతావాళ్ళ పని మాత్రం మాట్లాడకుండా ఒంటిగంట దాకా సాగింది. ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. రాజ్యలక్ష్మి మెట్లెక్కుతూ, గోడకానుకుని నుంచున్న కొడుకుని చూసి, "ఇక్కడేం చేస్తన్నావు? కూర మూతపెట్టి ఉంది, తిను" అని పైకి పోయింది.

హర్ష వసారాలోకి వచ్చాడు. కూచోలేదు.

"ఆ డ్రామా మొత్తం చూశా నేను," అన్నాడు. "అందులో చిన్నోడు లేడు."

"ఉన్నాడుగా. పెట్టె మోసుకుంటా పోయాడు." జమాల్ బీ తడబడలేదు. "చక్కని కుర్రాడు. వాడి వెనకాల కెమెరా పోలేదు, నాకు బాధేసింది. సరే, నేను పోదాంలే అనుకున్నా."

"నా వెనకాల వచ్చారు మీరు."

"మీ అమ్మ రోజూ నిన్ను తిట్టుద్ది బాబూ. తిట్టేటప్పుడు మనిషి ఏదీ దాచుకోడు. పొగిడేటప్పుడు అబద్ధాలు కలుస్తయ్యి గానీ, తిట్టేటప్పుడు అన్నీ నిజాలే. ఆ నిజాలు తీసుకుని కాస్త అటూ ఇటూ తిప్పి పెట్టా."

"అబద్ధాలు పెట్టారు. మా అమ్మ మోకాళ్ళ కోసం నేను నుంచుని తింటన్నానా?"

"మరెందుకు తింటన్నావు?"

హర్ష నోరు తెరిచాడు. 'నచ్చలా' అనే మాట అలవాటు కొద్దీ నాలిక మీదికి వచ్చింది, ఇక్కడ అతకలేదు.

"నాకూ తెలీదు," అంది జమాల్ బీ. "తెలీనప్పుడు చెడ్డది పెట్టే బదులు మంచిది పెట్టా. దానికేం ఖర్చు?"

"మా అమ్మకి తెలుసా, వాడు నేనేనని?"

"తెలిస్తే వింటదా? సొంత కొడుకంటే తిట్టాలి గదా. పక్కింటోడైతేనే ఏడవడానికి వీలు. మా సబీహాని ఎలా ఉన్నావే అని అడిగితే బాగున్నా అంటది, ఫోను పెట్టేస్తది. డ్రామాలో పిల్ల గురించి అడిగితే గంట మాట్లాడుద్ది. అత్త గురించి, మొగుడు గురించి, అన్నీ ఆ పిల్ల మీద పెట్టి చెప్తది. నేను వింటా. అంతే."

దిండు కింది నుంచి సగం చీర బయటికి తీసింది. విడిపోయిన పోగుల్ని వేళ్ళతో దువ్వింది. అప్పుడు హర్ష మొదటిసారి గమనించాడు, ఆమె మొహంలో బెదురుంది.

"ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చా బాబూ. ఈ రోజే చిక్కుపడిపోయా. తలుపు వెనకాల వాడేం చేస్తన్నాడో నాకు తట్టలేదు. ఏదో ఒకటి అల్లొచ్చు, చదువుకుంటన్నాడనో, ఉత్తరం రాస్తన్నాడనో. ఎంత మంచిది పెట్టినా నిజంలో వేలాడాలి గదా, లేకపోతే కుచ్చు జారిపోద్ది. మీ అమ్మ కనిపెట్టేస్తది. ఏం చేశావు నిన్న?"

నిన్నంతా వాణ్ణే వెతికాను, వాడి లొసుగులు బయటపెట్టడానికి. ఆ మాట చెప్పడానికి అతని మొండితనం కూడా సరిపోలేదు.

"సరేలే, నిన్నటిది నాకొద్దు," అంది జమాల్ బీ. సూదిలోకి దారం ఎక్కించబోయింది, ఎక్కలేదు, సూదీ దారం అతని చేతికిచ్చింది. అతను ఎక్కించి ఇచ్చాడు. "తెల్లారి తలుపు తీసుకుని బయటికొచ్చి ఏం చేశాడో, అది చెప్పు నాకు. పెద్ద గొప్పదేం అక్కర్లా. నువ్వు చేసింది అయితే చాలు. రేపు పదకొండింటికి అందరూ వచ్చేస్తారు, మీ అమ్మ ముందే అడుగుద్ది. ఆ లోపల ఏదో ఒకటి చేసి, వచ్చి నా చెవిన వెయ్యి బాబూ."